కార్డులో సరి

తడి ఉందేమోనని సింకు వెనక టార్చి వేస్తే తమ్ముడి చేతిరాత కనిపించింది. పోయిన వారం అక్కడ ఆగాం.

నడుమ వచ్చి చేరినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పాలి. పాత క్యాంపర్ వ్యాన్లను అద్దెకిచ్చే కంపెనీ ఇది. ముందు స్టీరింగు, వెనక మంచం, పొయ్యి, సింకు, మడత బల్ల. అన్నీ ఇరవయ్యేళ్లు దాటిన బళ్లు. సెలవులొస్తే జనం పిల్లాపాపలతో వాటిలో కొండలెక్కుతారు. ఎక్కేముందు స్టీరింగు పక్కన తగిలించిన కార్డు చూసుకుంటారు. నలభై రెండు అంశాలు, నలభై రెండు టిక్కులు. దాన్ని నమ్మి ఆ మంచం మీద నిద్రపోతారు పాపం.

ఆ నలభై రెండు పనులూ చేసే మెకానిక్కును షెడ్డులో చిన్నక్క అంటారు. ఆమె అక్కను పెద్దక్క అంటారు; గేటు పక్క గదిలో బళ్లకు పరుపులూ తెరలూ కుడుతుంది. పెద్దక్క మొగుడు ఒకప్పుడు కార్మికుల నాయకుడు, ఇప్పుడు సూపర్‌వైజరు. అతని పేరు పిడికిలి. సమ్మె రోజుల్లో వచ్చిన పేరు. అతను కుర్చీ ఎక్కాక షెడ్డులో టైర్లు మార్చే తాత ఆ పేరుకు తోక తగిలించాడు: "పిడికిలి విప్పాడు, కుర్చీ దొరికింది."

ఈ అక్కచెల్లెళ్లకు ఒక్కడే తమ్ముడు. అతనూ ఇక్కడి మెకానిక్కే. ఎనిమిది నెలల కింద ఏడో నంబరు బండికి ఘాట్ రోడ్డు దిగుతుండగా బ్రేకులు పోయాయి. గోడకు గుద్దుకుంది. ముందు సీట్లో ఉన్న ఒక తల్లి చనిపోయింది. కార్డులో బ్రేకుల ఎదురుగా టిక్కు ఉంది. ఆ టిక్కు తమ్ముడిది. బండిని తుక్కులో నలిపించేశామని కంపెనీ చెప్పింది. పరీక్షించడానికి బండి లేదు, మిగిలింది కార్డు. తమ్ముణ్ణి జైల్లో పెట్టారు. ఎల్లుండి అప్పీలు విచారణ.

ఇవాళ పొద్దున పిడికిలి ఒక నీలం బండిని చిన్నక్కకు అప్పజెప్పాడు. పదకొండో నంబరు, వేరే ఊళ్లో కొన్నదట. కార్డు అప్పటికే నిండి ఉంది, నలభై రెండుకు నలభై రెండు. "దీనికి పనేం లేదు. కడిగి పంపు చాలు, మూడింటికి అద్దెకు పోతుంది," అన్నాడు. చిన్నక్క సరేనంది. సరేనని బండిని, కింద దూరి పనిచేసే గొయ్యి మీదకు తెచ్చింది, చక్రాల ముందు చెక్క దిమ్మలు పెట్టింది, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూసింది. కషాయంలా ఉంది. బండి నడిచినా నడవకపోయినా ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. మూలన కూర్చున్న బండికీ వయసవుతుంది. నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు మరలు వదులు చేసి, గొట్టాలు తగిలించి, పాత ఆయిల్‌ను సీసాల్లోకి వదిలేసింది. అది బొట్లుబొట్లుగా దిగేలోపు ఊరికే ఎందుకుండాలని లోపలికొచ్చి సింకు కింద మోకరించింది. నాలుగు మరలు విప్పి, పైపులకు అడ్డంగా ఉన్న చెక్క పలకను కింది బందు మీద వెనక్కి తిప్పింది.

అక్కడ తమ్ముడున్నాడు.

*

పెన్సిలు రాత. వడ్రంగులు వాడే లావు పెన్సిలు. అక్షరాలు కుడివైపుకు పడిపోతూ, పరుగెత్తే మనిషిలా ఉంటాయి వాడివి.

"బ్రేక్ పైపులు పగిలాయి. ఆయిల్ నల్లగా ఉంది, ఎనిమిదేళ్లుగా మార్చలేదు. ఈ బండి కొండెక్కకూడదు. బావకు చూపించాను. కార్డులో సరి."

కింద తేదీ. ప్రమాదానికి ఆరు రోజుల ముందు.

తేదీ కింద ఇంకో గుర్తు. నాలుగు వేళ్ల కణుపులు, అడ్డంగా ఒక బొటనవేలు. ఐదు గీతల్లో గీసిన పిడికిలి. దాని పక్కన ఒకే మాట: "చూశాను."

ఈ చెక్క రాత సంగతి చెప్పకపోతే మీకు కథ అర్థం కాదు. బండికి నలభై నిమిషాలిస్తారు. నలభై రెండు పనులు, నలభై నిమిషాలు. ఆ లెక్క వేసినవాడు జన్మలో ఒక్క మర కూడా బిగించి ఉండడు. కార్డులో ఖాళీ వదిలితే ఆఫీసు తిప్పి పంపుతుంది, వదిలినవాడికి మర్నాడు పని ఉండదు. అందుకని షెడ్డులో ఒక పద్ధతి పుట్టింది. కార్డులో అన్నిటికీ సరి అని పెట్టడం, అసలు సంగతి సింకు వెనక పలక మీద రాయడం. కాగితం ఆఫీసుకు పోతుంది, చెక్క బండితో పోతుంది. బండి మళ్లీ షెడ్డుకొస్తే తర్వాతి మెకానిక్కు పలక తిప్పి చదువుకుంటాడు, వీలైతే ఆ పని ముందు చేస్తాడు. చదివినవాడు గుర్తు పెట్టాలి. ఆఫీసువాడికి ఈ రాత ఎప్పుడూ కనిపించలేదు. మోకాళ్ల మీద కూర్చోనివాడికి కనిపించే చోటు కాదది.

కాగితానికి అబద్ధం, చెక్కకు నిజం. ఎంత తెలివిగా ఉందో చూడండి! నిజం రాశామన్న తృప్తితో షెడ్డులోని నలభై మంది ఏళ్ల తరబడి హాయిగా అబద్ధాలకు టిక్కులు పెట్టారు. ఘాట్ రోడ్డు దిగే తల్లి పలక తిప్పి చదవదు కదా.

చిన్నక్క టార్చిని కొంచెం పైకి జరిపింది. తమ్ముడి రాతకు పైన ఇంకో రాత ఉంది. గుండ్రటి, పొందికైన అక్షరాలు. "వెనక కుడి చక్రం బేరింగు మోగుతోంది. కార్డులో సరి." దానిపైన మళ్లీ అవే అక్షరాలు: "గ్యాస్ గొట్టం గడువు దాటింది. కార్డులో సరి." ఇంకా పైన మరో రెండు.

ఆ నాలుగూ ఆమెవే.

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడయింది. ఈ షెడ్డులో నూనె మరక లేని బూట్లు ఒక్క జతే.

"ఇంకా కడగలేదా?"

"తడి చూస్తున్నా బావా."

"తడీ లేదు పొడీ లేదు. కడిగి పంపమన్నానా? నీకు పని చెప్పడం కంటే నేనే చేసుకోవడం నయం."

"చేసుకో బావా. చెయ్యి మర్చిపోయి ఉంటావు, నేర్పిస్తాలే." చిన్నక్క లేవలేదు. "ఇది వేరే ఊళ్లో కొన్న బండన్నావు. దీంట్లోకి మన చెక్క రాత ఎలా వచ్చింది?"

పిడికిలి లోపలికొచ్చి, జరుపు తలుపు మూసి, మడత బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ బల్ల ఇద్దరికి సరిపోతుంది. సెలవులకు వెళ్లినవాళ్లు టీ తాగే బల్ల అది. అతను రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నాడు.

"పొద్దున కార్డు నువ్వే నింపావు కదూ?" అంది.

"నేనే."

"నేను మోకాళ్ల మీద కూర్చోకూడదని."

"నువ్వు కూర్చుంటావని తెలుసు. అయినా మనిషికి ఆశ చావదు."

"ఇది ఏడో నంబరు బండి. తుక్కు చేశామని కోర్టులో చెప్పారు."

"ముందు భాగం తుక్కే చేశారు. వెనక సామాను చెక్కుచెదరలేదని యజమాని ఇంకో బండి ముక్కు తెచ్చి అతికించాడు. నీలం రంగు వేయించాడు. నేను వద్దన్నాను. మొత్తం నలిపించెయ్యమన్నాను."

"ఎందుకు నలిపించెయ్యమన్నావు? చనిపోయినామె మీద గౌరవంతోనా, ఈ పలక మీద భయంతోనా?"

అతను కిటికీ తెర వేలితో సరిచేశాడు. పెద్దక్క కుట్టిన తెర. అంచు దగ్గర చిన్న ముడి వేస్తుంది పెద్దక్క, పని అయిపోయిందని గుర్తుగా. వేలు ఆ ముడి మీద ఆగింది.

"నీకు కోపం రావడం న్యాయమే చిన్నా. కానీ ఒక్కసారి నా చోట నిలబడి చూడు."

"నీ చోట నిలబడనక్కర్లేదుగా బావా, కుర్చీ ఉంది."

"ఎగతాళి తర్వాత. వాడు నాకు చూపించిన రోజు స్టోరులో ఒక్క పైపు లేదు. యజమానికి ఫోన్ చేశాను. సీజన్ మొదటి వారం, బండి ఆగకూడదన్నాడు. దగ్గరి ఊరికి పోయేవాళ్లకు ఇద్దామనుకున్నాను, కొండకు కాకుండా. అద్దెకు తీసుకున్నవాళ్లు దార్లో మనసు మార్చుకున్నారు. కొండ చూద్దామనుకున్నారు. అది నా తప్పా?"

"వాళ్లకు చెప్పావా, కొండెక్కొద్దని?"

అతను బల్ల అంచును బొటనవేలితో తుడిచాడు.

"చెప్పావా?"

"చెబితే ఎందుకని అడుగుతారు."

"అడిగితే బతికేది కదా ఆమె."

పైకప్పు రేకు ఎండకు చిటుక్కుమంది. గొయ్యిలో సీసాలోకి ఒక బొట్టు పడిన చప్పుడు వినిపించింది. పిడికిలి ఆ చప్పుడును పట్టించుకోలేదు. అది వినే చెవి కుర్చీ ఎక్కిన రోజే మూసుకుపోయింది.

"వాడు కోర్టులో ఈ పలక మాట ఎందుకు ఎత్తలేదు?" చిన్నక్క గొంతు తగ్గింది. "ఎనిమిది నెలలుగా వాడి మీద మండిపడుతున్నాను. కలవడానికి వెళ్లినప్పుడల్లా తిట్టాను. చూడకుండా ఎలా టిక్కు పెట్టావురా, కళ్లు ఎక్కడ పెట్టుకున్నావురా అని. తల వంచుకుని వింటాడు. ఒక్క మాట అనడు. ఎందుకు?"

"నేనే వద్దన్నాను."

"ఏమని?"

"పలక గురించి నోరెత్తితే అన్ని బళ్ల పలకలూ తిప్పుతారు. నలభై మంది దొంగ టిక్కులూ బయటపడతాయి. షెడ్డు మూసేస్తారు, అందరూ జైలుకు పోతారు. బండి ఎలాగూ నలిగిపోయింది, పలక లేదు, చెప్పినా నమ్మరు, అన్నాను. ఒకడు పోతే నలభై మంది మిగులుతారని చెప్పాను. వాడు సరేనన్నాడు. ఎందుకన్నాడో తెలుసా? ఆ నలభై మందిలో నువ్వున్నావు."

చిన్నక్క చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టింది. మనసు నిలకడగా లేనప్పుడు చేతిలో పనిముట్టు ఉండకూడదని ఆమెకు తమ్ముడే నేర్పాడు.

"ఈ పద్ధతి ఎవరు పెట్టారు బావా?"

"ఎందుకిప్పుడు?"

"ఎవరు పెట్టారు? సమ్మె ఓడిపోయిన ఏడాది, ఈ షెడ్డులోనే, ఇలాగే సింకు ముందు కూర్చోబెట్టి మాకు ఎవరు నేర్పారు? 'కాగితం వాళ్లది, చెక్క మనది. ఒకనాడు ఈ చెక్కలన్నీ విప్పి వాళ్ల ముందు గుట్ట పోస్తాం' అని ఎవరన్నారు? నాకు ఒళ్లు పులకరించింది ఆ రోజు. అక్క అయితే ఇంటికెళ్లి ఏడ్చింది, ఇలాంటి మనిషిని కట్టుకున్నానని గర్వంతో."

"అప్పుడు నాకు ముప్పయ్యేళ్లు."

"ఆ ఒకనాడు ఎప్పుడొస్తుందని మేం చూస్తూ కూర్చున్నాం. నువ్వేమో ఆ గుట్ట మీద కుర్చీ వేసుకున్నావు."

అతని ముఖం నల్లబడింది. నాయకుడిగా ఉన్నప్పుడు అతనికి ఎదురు మాట్లాడినవాళ్లు లేరు, సూపర్‌వైజరు అయ్యాక మాట్లాడగలిగినవాళ్లు లేరు. చిన్నక్క ఒక్కతే రెండు కాలాల్లోనూ మరదలు.

"సరే," అన్నాడు. "తీసుకుపో. పలక విప్పి చంకన పెట్టుకుని కోర్టుకు పో. నా గుర్తు ఉంది, నన్ను లోపలేస్తారు. మీ అక్క ఒంటరిదవుతుంది. దానిపైన నాలుగు లైన్లున్నాయి, అవెవరివి?"

"నావి."

"గ్యాస్ గొట్టం గడువు దాటిందని రాసి, కార్డులో సరి అని పెట్టింది ఎవరు? అది పేలి ఉంటే? నీ అదృష్టం పేలలేదు. వాడి ఖర్మ, బ్రేకు పోయింది. నీకూ వాడికీ తేడా అంతే చిన్నా. నన్నేదో దొంగలా చూస్తున్నావు. మనం ముగ్గురం ఒకే చెక్క మీద ఉన్నాం."

నిజం. మహా చెడ్డ నిజం. చిన్నక్కకు ఆ నాలుగు రోజులూ గుర్తున్నాయి. బేరింగు మోత విన్న రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు. సాయంత్రానికి సర్దుకుంది. రాశాం కదా అనుకుంది. పలక మీద రాస్తే చక్రం బాగుపడినట్టే నిద్రపోయింది.

ఆమె స్క్రూడ్రైవరు మళ్లీ అందుకుంది.

"నాలుగు లైన్లూ నావేనని నేనే చెబుతాను బావా. ఎవరూ అడగకముందే చెబుతాను. ఎన్నేళ్లు వేస్తారో వెయ్యనీ. వాడు నా కోసం లోపల కూర్చున్నాడని తెలిశాక బయట నాకు గాలి ఆడదు." పలక కింది బందు మరను తిప్పడం మొదలుపెట్టింది. "అక్కకు నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

"ఆపు."

"రెండు మరలున్నాయి. అయిపోతుంది."

"నేను ఆపమన్నాను!"

పిడికిలి లేచాడు. ఆమె మీదకు రాలేదు. తలుపు జరిపి, కిందికి దూకి, బండి ముందుకు నడిచాడు. నూనె మరక లేని బూటుతో ఒక దిమ్మను తన్నాడు, చుట్టూ తిరిగి రెండో దాన్ని తన్నాడు. డ్రైవరు తలుపు తీసి ఎక్కాడు. అతను నాయకుడు కాకముందు డ్రైవరు. కుర్చీ ఎక్కినా ఆ చేతులు తాళం చెవిని మర్చిపోలేదు.

"ఎక్కడికి?" సింకు దగ్గర నుంచే అరిచింది చిన్నక్క.

"ఎనిమిది నెలల కింద పోవాల్సిన చోటికి. తుక్కు యార్డు పావుగంట దూరం. నువ్వు దిగు, లేదా పలకతో పాటు నువ్వూ రా, దారిలో మాట్లాడుకుందాం."

ఇంజను దగ్గి అందుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది చిన్నక్కకు.

"బావా, ఆపు! బ్రేకులో ఆయిల్ లేదు!"

"ఆహా."

"ఒట్టు బావా! మొత్తం వదిలేశాను, సీసాలు కిందున్నాయి చూడు! పెడలు నేలకు పోతుంది!"

"కడిగి పంపమన్నాను. కడగడం తప్ప నీకు పనే చెప్పలేదు నేను." గేరు పడింది. "అబద్ధం చెప్పాలంటే ముఖం మారకుండా చెప్పాలి చిన్నా. నా దగ్గర నేర్చుకో. ఇదిగో, కార్డు నా ఎదురుగానే వేలాడుతోంది. బ్రేక్ ఆయిల్, సరి."

"ఆ సరి పెట్టింది నువ్వే కదా బావా!"

బండి కదిలింది. గొయ్యిలో సీసాలు ఒకదాని వెనక ఒకటి ఈడ్చుకుపోయి పగిలాయి. ఆ చప్పుడు మాత్రం పిడికిలికి వినిపించింది. మెడ తిప్పాడు. అప్పటికి ముందు చక్రాలు షెడ్డు గడప దాటాయి.

షెడ్డు నేల ఎత్తు, వాకిలి పల్లం. గడప నుంచి గేటు దాకా సిమెంటు వాలు, అరవై అడుగులుంటుంది. ఆ వాలు మీద ఎదురుగా పెద్దక్క వస్తోంది. పదకొండో నంబరుకు కుట్టిన కొత్త పరుపులు నాలుగు, ఒకదాని మీద ఒకటి, రెండు చేతులా పట్టుకుని. పైపరుపు ఆమె నుదుటి దాకా ఉంది. ముందున్నది కనిపించదు. అరవై అడుగులూ కాళ్లకు కంఠస్థం కాబట్టి తల వంచుకుని నడిచి వస్తోంది.

పిడికిలి కాలు బ్రేకు మీద పడింది.

పెడలు మెత్తగా, చప్పుడు లేకుండా, నేల దాకా పోయింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ పోయింది. ముఖం తెల్లబడి వెనక్కి తిరిగాడు. ఆ ముఖంలో సూపర్‌వైజరూ లేడు, నాయకుడూ లేడు.

"చిన్నా..."

"హ్యాండ్‌బ్రేక్!" చిన్నక్క పలక వదిలేసి, మడత బల్ల మీదుగా, రెండు సీట్ల మధ్యకు పడుతూ దూకింది. రెండు చేతులతో ఆ ఇనప కడ్డీని పట్టుకుని పైకి లాగింది. అది వదులుగా, ఇంకా వదులుగా, పైదాకా వచ్చేసింది; బండి ఆగలేదు.

పద్దెనిమిదో అంశం: హ్యాండ్‌బ్రేక్ తీగ, వదులైతే బిగించాలి. చిన్నక్క పొద్దుట్నుంచి పదిహేడో అంశమైన బ్రేక్ ఆయిల్ మీదే ఉంది. స్టీరింగు పక్కన ఊగుతున్న కార్డులో మాత్రం సరి.